పొగకు నిటారు దారి

గొట్టాన్ని వేలి కణుపుతో తడుతున్నాడాయన. పొయ్యికి జానెడు ఎత్తున తడితే రేకు ఖంగుమంటోంది. ఇంకో మూడడుగులు పైన, గొట్టం వంపు తిరిగే చోట తడితే దబ్‌మని చచ్చిన మోత. కిందికొచ్చి మళ్లీ తట్టాడు, పైకెళ్లి మళ్లీ తట్టాడు. ఖంగు, ఖంగు, దబ్.

“నిండిపోయింది,” అంటూ చేతులకు తోలు తొడుగులు ఎక్కించుకుంటున్నాడు.

బావ నవ్వాడు. ఆయన ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు. “మేం ఛాతీ మీద కొట్టి చూసేదీ ఇలాగేనోయ్. గాలి ఉంటే మోగుతుంది, నీరు చేరితే మోగదు. 1761లో దీని మీద పుస్తకం రాసిన ఆవెన్‌బ్రుగ్గర్ సత్రం నడిపేవాడి కొడుకు. పీపాలో ద్రాక్షసారా ఎంతవరకు ఉందో తట్టి చూడటం ఇంట్లోనే నేర్చుకున్నాడంటారు.”

పొగగొట్టాల పెద్దాయనకు తెలుగు రాదు, ఈ కబుర్లతో పనీ లేదు. నేల మీద పాత దుప్పటి పరుస్తున్నాడు.

అక్టోబరు నెల. అమెరికా ఈశాన్య మూల, వెర్మాంట్ రాష్ట్రంలో కెనడా వైపు కొండల్లో ఉన్న పల్లె. కిటికీ బయట మేపుల్ చెట్లు ఎర్రబారడం అయిపోయి రాలుతున్నాయి. పొద్దున గడ్డి మీద మంచు తెల్లగా గట్టిపడి ఉంది. అక్కావాళ్లది పాత రైతు ఇల్లు. వెనకవైపు ఒంటి అంతస్తులో వంటిల్లు, వంటింటి మూలన పోత ఇనుప కట్టెల పొయ్యి. మంచు తుఫానుకు కరెంటు తీగలు తెగితే ఇంట్లో మిగిలే వేడి ఇదొక్కటే. షెడ్డులో కట్టెలు చూరు దాకా పేర్చి ఉన్నాయి. ఇక్కడ కట్టెలను ‘కార్డు’ లెక్కన కొంటారు. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవున పేరిస్తే ఒక కార్డు, అంటే 128 ఘనపుటడుగులు. బావ ఒక్కో మోపు వెనక ఉన్న డాలర్లు లెక్కపెట్టుకునే మనిషి. ఆ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

పెద్దాయన స్క్రూలు విప్పుతున్నాడు. రెండు గొట్టాలు కలిసే ప్రతి అతుకుకూ మూడు స్క్రూలు ఉండాలి. పొయ్యి దగ్గరి అతుకుకు మూడూ ఉన్నాయి. దాని పైదానికి ఒకటే ఉంది. వంపు దగ్గర ఒక్కటీ లేదు, ఇన్నేళ్లూ రేకు రేకును పట్టుకుని వేలాడుతోందంతే. విప్పిన గొట్టం ముక్కలను రెండు చేతులా పొదివి పట్టుకుని, ఒలకకుండా, అడుగులో అడుగేసుకుంటూ పెరట్లోకి తీసుకెళ్లాడు. మేమూ వెనకే వెళ్లాం.

దగ్గరికొచ్చి లోపలికి చూడండి. ఆరంగుళాల గొట్టం. కింది ముక్కలో ఉన్నది మసి, పొడిపొడిగా వేలికి అంటుకుంటోంది. అది మంచిదే, బ్రష్షు పెడితే రాలిపోతుంది. దాని పై ముక్కలో పెచ్చులు పెచ్చులుగా కట్టింది. అదీ ఊడొస్తుంది. వంపులో ఉన్నది మాత్రం వేరు సరుకు. నల్లగా, మెరుస్తూ, గాజు పూత పోసినట్టు రేకుకు కరుచుకుపోయింది. ఆరంగుళాల దారిలో మిగిలింది నాలుగంగుళాలు కూడా లేదు. పెద్దాయన దాని మీద స్క్రూడ్రైవరు మొనతో గీరితే గీత పడింది గాని పెచ్చు లేవలేదు. వాసన మాత్రం లేచింది. పొగ కంపు, తారు కంపు, వాటి కింద వెనిగర్‌లా ముక్కు పుటాలను కోసే పులుపు. కట్టె పొగలో నిజంగానే ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. చలికాలమంతా పేరుకున్న ఈ తారు వేసవి చెమ్మ పీల్చుకుని రేకును లోపలినుంచి తింటూ ఉంటుంది. వంపు అడుగున స్క్రూడ్రైవరు కాస్త అదిమితే అవతలికి దిగిపోయింది. కొత్తప్పుడు ఆ రేకు అర మిల్లీమీటరుకు పైచిలుకు మందం ఉండేది.

దీన్ని క్రియోసోట్ అంటారు. కాలని కట్టె ఇది. కట్టె వేడెక్కినప్పుడు ముందు ఆవిర్లు వస్తాయి. మంట బలంగా ఉంటే ఆ ఆవిర్లే మండి వేడిగా మారతాయి, లేకపోతే పొగై గొట్టంలోకి పోతాయి. గొట్టం గోడ సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే ఆ పొగ అక్కడే చెమర్చి అంటుకుపోతుంది. తడి కట్టె వాడినా అంతే, మంట తన బలమంతా నీళ్లు ఎగరగొట్టడానికే ఖర్చు పెడుతుంది. అందుకే కట్టెలో తేమ 20 శాతం లోపుండాలని చెబుతారు. అన్నిటికన్నా పెద్ద దోషి మాత్రం మనిషి పొదుపు. రాత్రి పడుకునే ముందు పొయ్యి నిండా కట్టెలు కుక్కి, గాలి మీట మూసేసి, పొద్దున దాకా నిప్పు నిలిచిందని మురిసిపోతామే, ఆ రాత్రంతా జరిగేది గొట్టానికి తారు పూయడమే.

వెర్మాంట్‌కు ఈ అలవాటు బాగా ముదిరింది 1973 తర్వాత. ఆ ఏడాది అరబ్బు దేశాలు చమురు ఆపేసేసరికి ఇక్కడి జనం నూనె బాయిలర్లను వదిలి మళ్లీ కట్టెల వైపు తిరిగారు. 1975లో ఇదే రాష్ట్రంలో రాండాల్ఫ్ అనే ఊళ్లో వెర్మాంట్ కాస్టింగ్స్ అనే పొయ్యిల కంపెనీ పుట్టింది. అప్పటి కొత్తరకం పొయ్యిలు తలుపు వేస్తే గాలి చొరబడనివి, గాలిని మీటతో ఎంతకావాలంటే అంతకు తగ్గించుకోవచ్చు. మంచి పొయ్యిలే. కానీ మీట చేతికొచ్చాక దాన్ని మూయని వాడెవడు? గొట్టాలు నిండాయి, ఆ గొట్టాల్లో నిప్పంటుకుంది. పొయ్యిల పొగకు అమెరికా ప్రభుత్వం మొదటిసారి హద్దు గీసింది 1988లో.

గొట్టంలో తారు అంటుకుంటే లోపల వేడి 1,100 డిగ్రీలు దాటగలదు. పల్చటి రేకు ఎర్రబడుతుంది. స్క్రూల్లేని అతుకు ఆ అదురుకు విడిపోతుంది.

“ఒరేయ్, అమ్మమ్మ వాళ్లింట్లో పొగలేని పొయ్యి గుర్తుందా?” అంది అక్క, గుమ్మంలో నిలబడి.

ఎందుకు గుర్తుండదు. 1980ల్లో ప్రభుత్వం వాళ్లు ఊరూరా కట్టించిన రకం. మట్టి పొయ్యి, దానికో సిమెంటు రేకు గొట్టం, ఆ గొట్టం పెంకుల్లోంచి పైకి. కొన్నాళ్లు బాగానే పనిచేసింది. తర్వాత గొట్టం మసితో పూడుకుపోయి పొగంతా ఇంట్లోకే తిరుగు మొహం పట్టింది. దాన్ని దులపాలని కట్టినవాళ్లు చెప్పలేదు, దులిపే బ్రష్షూ ఇవ్వలేదు. అమ్మమ్మ చివరికి గొట్టం పీకించేసి, పెంకులు సర్దించి, పాత పొయ్యి దగ్గరే కళ్లు నలుపుకుంటూ కూర్చునేది. పొయ్యి ఇచ్చి గొట్టం సంగతి గాలికొదిలేసే పథకాలంటే నాకు అప్పటినుంచీ గురి లేదు.

పెద్దాయన ఇంకో సంగతి చూపిస్తున్నాడు. పాత గొట్టం ముక్కల్లో ప్రతిదానికీ ఒక చివర ముడతలు నొక్కి సన్నం చేసి ఉంటుంది, అది పక్క ముక్కలో దూరడానికి. పాత ముక్కలన్నిటికీ ఆ సన్నం చివర పైకి ఉంది. చూస్తే సబబే అనిపిస్తుంది. పొగ పైకి పోతుంది కదా, సందులోంచి బయటికి రాకుండా కింది గొట్టం పై గొట్టంలోకి దూరాలి కదా! కానీ గొట్టంలో పైకి పోయేది పొగ, కిందికి కారేది తారు. సన్నం చివర పైకుంటే కారిన తారు అతుకు దగ్గర బయటికొస్తుంది. బయటి రేకు మీద గోధుమరంగు చారలు అలా వచ్చినవే. సన్నం చివర పొయ్యివైపు, కిందికి ఉండాలి. అప్పుడు కారింది కారినట్టే లోపల జారి మంటలో పడి కాలిపోతుంది. మరి పొగ బయటికి రాదా? రాదు. గొట్టంలో వేడి గాలి తేలికై పైకి లేస్తుంటే లోపల లాగుడు పుడుతుంది. అతుకు దగ్గర సందుంటే గది గాలే లోపలికి పోతుంది. పొయ్యిని నడిపేది ఈ లాగుడే. 1740ల్లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ వేడి వృథా కాకూడదని పొగను ఒక పలక వెనక కిందికి దింపి, మళ్లీ పైకి పంపేలా పొయ్యి చేశాడు. అంతటివాడు చేసినా అది సరిగా లాగలేదు. పొగను కిందికి దిగమంటే దిగుతుందా?

అటక మీదికి నిచ్చెన వేశారు. ముందు పెద్దాయన, వెనక బావ, వాళ్ల వెనక నేను. తల పైకెత్తితే మేకుల మొనలు తగులుతాయి, వంగి నడవాలి. లాంతరు వెలుగులో దుమ్ము తేలుతోంది. గొట్టం కప్పులోంచి ఇక్కడికొచ్చి, అటక దాటి, పైకప్పులోంచి బయటికి పోతుంది. చుట్టూ గులాబీ రంగు గాజు దూది చుట్టి, తీగ కట్టి ఉంది. పెద్దాయన తీగ కత్తిరించి దూది విప్పాడు. లోపల మెరిసే స్టీలు గొట్టం ఉండాలి. ఉన్నది కింద వంటింట్లో చూసిన అదే నల్ల రేకు, ఒంటి పొర.

ఆయన ఏమీ మాట్లాడలేదు. పక్కనున్న వాసం మీద గోరు పెట్టి గీరాడు. మిగిలిన వాసాలు లేత పసుపు. గొట్టం పక్కన ఉన్నది కాఫీ పొడి రంగు, గొట్టం వైపు అంచున బొగ్గు నలుపు. గోటికి పొడి రాలింది.

ఒంటి పొర గొట్టాన్ని కప్పు గుండా గాని అటక గుండా గాని తీసుకెళ్లకూడదని ఇక్కడి అగ్ని భద్రతా నియమావళి స్పష్టంగా చెబుతుంది. గదిలో అయినా గోడకు 18 అంగుళాల ఎడం ఉండాలి. ఇక్కడ వాసానికి ఎడం రెండు వేళ్లు. ఏళ్ల తరబడి అలా కాగిన కర్ర లోలోపల మారిపోతుంది, కొత్త కర్ర అంటుకునే వేడికన్నా చాలా తక్కువ వేడికే అంటుకుంటుంది. నిన్న ఏమీ కాలేదు కాబట్టి రేపూ కాదనే ధీమా ఇక్కడ చెల్లదు. నలభై చలికాలాలు తట్టుకున్న వాసం నలభై ఒకటోది తట్టుకోవాలని లేదు.

ఎవడు పెట్టాడో గాని వాణ్ణి నిలదీయాలనిపించింది నాకు. చమురు ధరలు మండిపోయిన ఏదో శీతాకాలంలో, పిల్లలు వణుకుతుంటే, బజారులో దొరికిన రేకు తెచ్చి తన చేతులతో బిగించుకున్న రైతు అయ్యుంటాడు. అయినా కోపం పూర్తిగా పోలేదు.

బావ మొహం చూసి, “దిగుదాం పద,” అన్నాను. ఆయన కదల్లేదు. వాసం మీద అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. పైన పిల్లలు పడుకునే గది ఈ వంటింటి గోడకు ఆనుకునే ఉంటుంది.

ఇక అసలు పని. పాత గొట్టం రెండు వంపులు తిరగడానికి కారణం కప్పులోని ఒక దూలం, అది సరిగ్గా పొయ్యి నెత్తిన ఉంది. పెద్దాయన దూలం జోలికి పోలేదు. పొయ్యిని నాలుగంగుళాలు పక్కకి జరిపించాడు. నలుగురం పడితే గాని జరగలేదు, రాతి పలకల మీద ఇనుప కాళ్లు కీచుమన్నాయి. పై నుంచి దారానికి తూకం గుండు కట్టి వదిలితే గుండు మొన పొయ్యి మెడ నడిమధ్యన నిలిచింది. దూలానికీ దూలానికీ నడుమ ఖాళీ పద్నాలుగున్నర అంగుళాలు. కావలసింది పన్నెండు: ఎనిమిదంగుళాల గొట్టం, దానికి అటు రెండు, ఇటు రెండంగుళాల ఖాళీ.

కప్పుకు రంపం పెట్టాడు. సుద్ద పొడి తలల మీద రాలింది. రంధ్రంలో నలుచదరపు ఇనుప పెట్టె బిగించాడు, పై గొట్టాల బరువంతా దాని మీదే. కొత్త గొట్టాలను అట్టపెట్టెల్లోంచి తీస్తుంటే బావ ఒకటి చేతిలోకి తీసుకుని తూచి చూశాడు. రెండు స్టీలు పొరలు, మధ్యలో అంగుళం మందాన పింగాణీ నార. ఈ రకాన్ని అమ్మకానికి పెట్టేముందు సుమారు 1,150 డిగ్రీల వేడిలో పదేసి నిమిషాల చొప్పున మూడుసార్లు పరీక్షిస్తారు. లోపల తారు అంటుకున్నా బయటి కర్ర అంటుకోకూడదన్నది లెక్క. ఒకదానిలో ఒకటి దింపి కుడివైపుకు తిప్పితే టక్కున పడిపోతోంది.

అటకలో గొట్టం చుట్టూ రేకు కట్టు వేశాడు. ఇంటి వేడి పోకుండా పరిచిన దూది జారి గొట్టాన్ని తాకకుండా ఉండటానికి అది. “ఆ రెండంగుళాల ఖాళీలో దూది కుక్కితే వేడి ఇంకా ఆగుతుంది కదా?” అని అడిగాడు బావ. అలవాటు ఎక్కడికి పోతుంది? పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఆ ఖాళీలో ఆడే గాలే కర్రను చల్లగా ఉంచుతుంది. ఎంతోమంది దాన్ని వృథా అనుకుని నింపేసి ఇళ్లు పోగొట్టుకున్నారు.

పైకప్పు మీద చలి మొహాన్ని కోస్తోంది. కొప్పుకు కట్టిన తాడు ఆయన నడుముకుంది. నేను నిచ్చెన చివర, చూరు దగ్గర నిలబడి అడిగిన సామాను అందిస్తున్నాను. తారు పెంకులు లేపి, కొత్త రంధ్రం చుట్టూ ఫ్లాషింగ్ రేకు దోపాడు. పై అంచు పెంకుల కిందికి, కింది అంచు పెంకుల మీదికి. వాన నీరు ఎటు పారుతుందో ఆలోచిస్తే ఎవరికైనా తట్టే పద్ధతే. గొట్టం ఎంత ఎత్తుకు లేవాలన్నదానికి ఇక్కడో లెక్కుంది: కప్పును చీల్చుకొచ్చిన చోటు నుంచి కనీసం మూడడుగులు, పదడుగుల దూరంలో ఉన్న దేనికన్నా రెండడుగులు ఎక్కువ. ఈ ఇంటికి రెండో లెక్కే వర్తించింది, పక్కనే పెద్దింటి కప్పు ఉంది మరి. ఇంకో ముక్క అందించాను. దాని నడుము చుట్టూ వాన పట్టీ, నెత్తిన టోపీ. రెండూ బిగించి సిలికాన్ పూసేసరికి ఎండ కొండ వెనక్కి పోయింది.

అక్కడినుంచి లోయలో అయిదారు ఇళ్ల గొట్టాలు కనిపిస్తున్నాయి. పెద్దాయన చేత్తో చూపించాడు. ఒకదాని మీద నీలి బూడిద రంగు పొగ లేవలేక చూరు మీదే పాకుతోంది. దాని అవతలి ఇంటి గొట్టం మీద పొగే లేదు, వెనకున్న చెట్లు మాత్రం వేడికి వణుకుతున్నట్టు కనిపిస్తున్నాయి. రెండో ఇల్లు వెచ్చగా ఉంటుంది. మొదటి ఇంటికి ఈయన త్వరలో వెళ్లాల్సి ఉంటుంది.

కిందికొచ్చాక మిగిలింది పొయ్యి మెడకూ కప్పు పెట్టెకూ మధ్య గొట్టం. ఒంటి పొరదా, జంట పొరదా?

“ఒంటి పొరదైతే గొట్టం వేడి కూడా గదిలోకి వస్తుందిగా. కాస్త పొడుగ్గా తిప్పితే ఇంకా మంచిది కాదూ?” అన్నాడు బావ.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ న్యూ ఇంగ్లండ్ ప్రార్థనా మందిరాల్లో సరిగ్గా అదే చేశారు. తలుపు దగ్గర పొయ్యి పెట్టి, గొట్టాన్ని హాలు పొడవునా జనం నెత్తిన లాక్కెళ్లి అవతలి గోడలోకి పంపేవారు. గొట్టంలో పొగ చల్లారి తారై అతుకుల్లోంచి కారేది. ప్రార్థన చేసుకునేవాళ్ల బట్టలు పాడవకుండా అతుకుల కింద చిన్న తగరపు బకెట్లు వేలాడదీసేవారు. ఈ కథ పెద్దాయనే చెప్పాడు, నవ్వకుండా. పొగ దగ్గర ఎంత వేడి గుంజుకుంటే అంత తారు కొనుక్కున్నట్టే. జంట పొరది బిగించాడు. సన్నం చివర కిందికి, అతుకుకు మూడేసి స్క్రూలు, ఎక్కడా వంపు లేదు.

మొదటి నిప్పు. చల్లటి గొట్టంలో చల్లటి గాలి బిరడాలా కూర్చుని ఉంటుంది, దాన్ని ముందు కదిలించాలి. పెద్దాయన ఒక పాత పత్రిక కాగితం ముట్టించి గొట్టం మొదట్లో పట్టుకున్నాడు. క్షణం సేపు మంట తటపటాయించి, చివ్వున పైకి వంగింది. “లాగుతోంది,” అన్నాడు. సన్నటి బర్చి పుల్లలు, వాటి మీద వేలి మందం చీలికలు. కిటికీలు తెరవమన్నాడు. కొత్త నల్ల రంగు మొదటిసారి కాగినప్పుడు పొగలు చిమ్ముతుంది, కళ్లు మండుతాయి. అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ తెరిచింది. బయటి చలి, లోపలి పెయింటు కంపు, మధ్యలో మేం దగ్గుతూ నిలబడ్డాం. ఓ అగ్గిపుల్ల గీసి అతుకు అతుకు దగ్గరా పట్టుకుని చూపించాడు. మంట ప్రతిచోటా కాస్త గొట్టం వైపుకే వంగుతోంది. ఎక్కడా బయటికి తోయడం లేదు.

గొట్టానికి ఉన్న రంధ్రంలో పొడవాటి కాడ దూర్చే ఉష్ణమాపకం పెట్టాడు. జంట పొర గొట్టానికి పైన అతికించే రకం పనికిరాదు, అది బయటి పొర వేడినే చెబుతుంది. ముల్లు కదిలింది. బావ రెండు మేపుల్ చీలికలు వేశాడు. అవి అంటుకున్నాయో లేదో, చెయ్యి తిన్నగా గాలి మీట మీదికి పోయింది.

“ఇంకా కాదు,” అన్నాడు పెద్దాయన, రసీదు పుస్తకంలోంచి తలెత్తకుండా.

“ఏమండీ, ఆ మీట వదలండి,” అంది అక్క.

“అయితే ఇంకో కార్డు కట్టెలు చెప్పుకోవాలి,” అన్నాడు బావ.

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. పెద్దాయన కిటికీలోంచి పెరట్లో పడున్న పాత వంపు వైపు కలం చూపించాడు. అందులో పేరుకున్నదంతా డబ్బిచ్చి కొన్న కట్టేనట, ఇంట్లో వేడి కావాల్సింది అక్కడ అంటుకుపోయిందట. చిన్న చీలికలు, ఎండినవి, మంట ఎర్రగా నిలిచాక మీట సగానికి, అంతకన్నా కిందికి దించొద్దన్నాడు. ఇన్సూరెన్సు వాళ్లకు పంపడానికి కప్పు పెట్టె, అటక, గోడకున్న ఎడం, అన్నీ ఫొటోలు తీసి పెట్టుకోమన్నాడు. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ మార్చమన్నాడు.

బావ చెక్కు రాసి ఇచ్చాడు.

“వచ్చే ఏడు బ్రష్షు పెట్టించడానికి ఎప్పుడు పిలవాలి?”

“ఆగస్టులో పిలవండి. అక్టోబరులో అందరికీ ఒక్కసారే గుర్తొస్తుంది, నాకు తీరదు.”